డాక్టరు గారూ, నడక కూడా రాయండి

బీపీకి మాత్ర రాస్తారు, షుగరుకు మాత్ర రాస్తారు. గుండెను కాపాడే వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటిమాటతో సరిపెడతారు. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందో న్యూజిలాండ్ కుటుంబ డాక్టర్లు చేసి చూపించారు. మన పీహెచ్‌సీలు, బస్తీ దవాఖానాలు, వీధి చివర క్లినిక్‌లు ఆ పని ఎలా చేయొచ్చు?

ఓపీ గదిలో పని దాదాపు అయిపోయింది. బీపీ చూశారు, రక్త పరీక్షల కాగితాలు తిరగేశారు, మందులు రాశారు. రోగి చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేవబోతుంటే డాక్టరు అంటారు: "అట్లాగే కాస్త వాకింగ్ చేస్తూ ఉండండి." "అలాగే సార్" అంటూ ఆయన బయటికి వస్తాడు. తర్వాతి టోకెన్ పిలుస్తారు.

ఆ చీటీలో అమ్లోడిపిన్ 5 ఎంజీ అని ఉంటుంది. పొద్దున ఒకటి, టిఫిన్ తర్వాత, ముప్పై రోజులు అని ఉంటుంది. నడకకు ఇవేవీ ఉండవు. ఎంతసేపు నడవాలి? ఏ వేగంతో? వారానికి ఎన్ని రోజులు? మోకాలు నొప్పి పెడితే ఏం చేయాలి? ఆయాసం వస్తే ఆగాలా, సాగాలా? నెల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు "మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా" అని అడుగుతారు. "ఎంత నడుస్తున్నారు" అని అడగడం అరుదు. డాక్టరు అడగని సంగతిని రోగి ముఖ్యమైనదని ఎందుకు అనుకుంటాడు?

వ్యాయామం గుండెకు చికిత్స. చికిత్స అన్నాక మోతాదు ఉండాలి, అది చీటీ మీద ఉండాలి, తర్వాత వచ్చినప్పుడు దాని లెక్క అడగాలి. ఈ పనికి పెద్దాసుపత్రి గుండె నిపుణుడి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆయన దగ్గరికి మనం వెళ్లేది చాలాసార్లు జబ్బు ముదిరాకే. మనల్ని ఏళ్ల తరబడి చూసే కుటుంబ డాక్టరు, పీహెచ్‌సీ డాక్టరు మొదలుపెట్టాల్సిన పని ఇది.

బస్సు మెట్ల మీద దొరికిన రుజువు

శ్రమకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం లెక్కలతో సహా మొదట దొరికింది లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో. జెరీ మోరిస్ అనే పరిశోధకుడు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడి రవాణా ఉద్యోగుల ఆరోగ్య రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. 1953లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో పనిచేస్తారు, బతుకులూ ఇంచుమించు ఒకటే. కాకపోతే డ్రైవరు డ్యూటీ అంతా సీటులోనే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ పై అంతస్తుకూ కింది అంతస్తుకూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. వచ్చినవాళ్లకు కూడా కాస్త పెద్ద వయసులో, తక్కువ తీవ్రతతో వచ్చింది. తపాలా శాఖలోనూ అదే తీరు. ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్‌కు ఉన్న రక్షణ, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాకు లేదు.

డ్రైవర్లు లావుగా ఉంటారు కాబట్టే ఇలా జరిగిందేమో అన్న అనుమానం సహజం. మోరిస్ బృందం ఉద్యోగుల యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తెప్పించి చూసింది. డ్రైవర్ల నడుములు పెద్దవే. అయితే సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చినా కండక్టర్లకే ముప్పు తక్కువని తేలింది. బరువుతో నిమిత్తం లేకుండా కదలిక తన మేలు తాను చేస్తోందన్నమాట. ఈ ముక్క మన ఇళ్లలో అందరికీ తెలియాలి. "నేను సన్నగానే ఉన్నాగా, నాకెందుకు వాకింగ్" అనేవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. "రెండు నెలలు నడిచినా కిలో తగ్గలేదు" అని మానేసేవాళ్లు ఇంకొకరుంటారు. కిలో తగ్గకపోయినా ఆ రెండు నెలల నడక వృథా కాలేదు. మోరిస్ తాను కూడా జీవితాంతం వ్యాయామం మానలేదు. 2009లో చనిపోయేనాటికి ఆయన వయసు 99.

లెక్కలు రాకముందు అనుభవంతో పసిగట్టిన వైద్యులూ ఉన్నారు. నడిస్తే ఛాతీ పట్టేసే నొప్పికి 'యాంజైనా' అని పేరు పెట్టి 1772లో వర్ణించినది ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డన్. రోజూ అరగంట కట్టెలు కోయడం పనిగా పెట్టుకుని దాదాపు నయం చేసుకున్న ఒక రోగి గురించి ఆయన రాశారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత ప్రమేహ (షుగరు వంటి జబ్బు) రోగికి నూరు యోజనాల నడక చెప్పింది. దూరం లెక్కతో సహా చెప్పిందని గమనించాలి.

అయినా ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి మంచం దిగనివ్వలేదు. అమెరికాలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు 1952లో రోగులను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పట్లో సాహసం. పడక గుండెను ఎంత దెబ్బ తీస్తుందో 1966లో డల్లాస్‌లో తేలింది. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారాలు మంచానికే పరిమితం చేశారు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, యాభయ్యో పడిలో ఉన్న ఆ అయిదుగురినే మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ! జ్వరం తగ్గాక కూడా "ఇంకో పది రోజులు కదలకు" అని పెద్దవాళ్లను పడుకోబెట్టే మన ప్రేమలు ఈ ఫలితాన్ని ఒకసారి తలచుకోవాలి.

లోపల జరిగేది

వేగంగా నడిచినప్పుడు రక్తం జోరుగా పారుతుంది. ఆ ఒరిపిడికి రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. నాళాలు సడలుతాయి, బీపీ తగ్గుతుంది. రోజూ ఇదే జరుగుతుంటే ఆ సడలింపు గుణం నాళాలకు అలవడుతుంది. బీపీ ఉన్నవాళ్లలో క్రమం తప్పని నడక వంటి వ్యాయామం పై అంకెను 5 నుంచి 8 పాయింట్ల దాకా దించుతుంది. ఒక బీపీ మాత్ర చేసే పనికి ఇది దగ్గర్లోనే ఉంది. కండరాలు ఇన్సులిన్ మాట బాగా వింటాయి కాబట్టి షుగరు అదుపులోకి వస్తుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నెమ్మదిస్తుంది.

మందుతో పోలిస్తే ఇది ఎక్కడ నిలుస్తుంది? 2013లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో హుసేన్ నాచి, జాన్ అయోనిడిస్ 305 ప్రయోగాల ఫలితాలను కలిపి చూశారు. అందులో పాల్గొన్నవాళ్లు 3,39,274 మంది. గుండెజబ్బు వచ్చినవాళ్లలో మరణాలను ఆపడంలో మందులకూ వ్యాయామానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పక్షవాతం తర్వాత కోలుకునేవాళ్లలో వ్యాయామమే మెరుగు. హార్ట్ ఫెయిల్యూర్‌లో మాత్రం ఒంట్లో నీరు తీసే మాత్రలదే పైచేయి. ఇది చదివి మాత్రలు మానేయాలని ఎవరూ అనుకోకండి. ఆ ప్రయోగాల్లో వ్యాయామం చేసినవాళ్లలో చాలామంది మందులు కూడా వాడుతున్నవాళ్లే. రెండూ కావాలి. మనకు ఒకటే అందుతోంది.

ఆకుపచ్చ చీటీ

న్యూజిలాండ్‌లో ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ పేరు మీద ఒక క్రీడా సంస్థ ఉండేది. హిల్లరీ కమిషన్ అనేవాళ్లు. 'గ్రీన్ ప్రిస్క్రిప్షన్' దాని చేతుల మీదుగా 1998లో దేశమంతటా మొదలైంది. కుటుంబ డాక్టరు మందుల చీటీ రాసినట్టే వ్యాయామ చీటీ రాసి, సంతకం పెట్టి రోగి చేతికిస్తారు. మీకు తగిన వ్యాయామం ఏది, వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని నిమిషాలు అన్నీ అందులో ఉంటాయి. రోగి ఒప్పుకుంటే దాని ప్రతి ఆ ప్రాంతపు క్రీడా సంస్థకు వెళుతుంది. అక్కడి ఉద్యోగి ఫోన్ చేసి మాట్లాడతారు: మొదలుపెట్టారా, ఎక్కడ ఆగిపోయారు, మీ దగ్గర్లో నడక బృందం ఉంది చేరతారా.

అంతకుముందు ఆ దేశంలో జరిగిన ఒక ప్రయోగం నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. రెండు నగరాల్లోని 37 మంది కుటుంబ డాక్టర్లు, కదలకుండా గడిపే తమ రోగులకు వ్యాయామం గురించి నోటితో చెప్పారు. తర్వాత లాటరీ పద్ధతిలో ఆ రోగుల్లో దాదాపు సగం మందికి అదే విషయాన్ని కాగితం మీద కూడా రాసిచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే రెండు జట్లూ మునుపటి కంటే ఎక్కువే కదులుతున్నాయి. డాక్టరు మాటకు ఉన్న బలం అది. కానీ కాగితం అందుకున్నవాళ్లలో పెరుగుదల స్పష్టంగా ఎక్కువ. డాక్టరు అదే, రోగులూ అలాంటివాళ్లే, చెప్పిన మాటా అదే. తేడా అంతా ఆ కాగితంలో ఉంది.

2003లో మరింత పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 42 క్లినిక్‌లు, 40 నుంచి 79 ఏళ్ల మధ్య 878 మంది. చీటీతో పాటు ఫోన్ తోడు కూడా అందినవాళ్లలో, వారానికి రెండున్నర గంటల వ్యాయామం అందుకున్నవారి వాటా ఏడాది తర్వాత మామూలు వైద్యం పొందినవారి కంటే దాదాపు 10 శాతం ఎక్కువ పెరిగింది. అంటే పది మందికి రాస్తే ఒకరు పూర్తిగా దారిలో పడ్డారు. ఏడాదిలోనే గుండెపోటు ముప్పు తగ్గినట్టు లెక్కలు తేల్చలేదు. బీపీ తగ్గుతున్న సూచన మాత్రం కనిపించింది. పదిలో ఒకరంటే తక్కువనిపించవచ్చు. కానీ కాగితం, కొన్ని నిమిషాల సమయం, మూడు నెలల్లో మూడు నాలుగు ఫోన్లు... ఆ చికిత్సకు అయిన ఖర్చంతా అంతే. ఆ ఖర్చుకు ఇంత ఫలితం ఇచ్చేవి వైద్యంలో ఎన్ని ఉన్నాయి?

స్వీడన్‌లోనూ ఇలాంటి పద్ధతి ఉంది. ఏ జబ్బుకు ఏ వ్యాయామం ఎంత మోతాదులో రాయాలో అక్కడి డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక పుస్తకమే ఉంది. అమెరికాలో కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల్లో 2009 నుంచి బీపీ, నాడితో పాటు రెండు ప్రశ్నలు కూడా వేస్తున్నారు: వారానికి ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు? చేసిన రోజు ఎన్ని నిమిషాలు? రెండూ గుణించి ఆ అంకెను రికార్డులో రాస్తారు. డాక్టరు తెర మీద బీపీ పక్కనే ఆ అంకె ఉంటుంది. తక్కువ ఉంటే మాట్లాడక తప్పదు.

రెండు నిమిషాల ఓపీలో కుదురుతుందా?

మన డాక్టర్లు వెంటనే అడిగే ప్రశ్న ఇదే, అందులో న్యాయం ఉంది. 67 దేశాల సమాచారంతో 2017లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం ఒక్కో రోగికి డాక్టరు ఇచ్చే సమయం స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. మన దేశంలో దాదాపు రెండు నిమిషాలు. బయట వరండాలో వంద మంది కూర్చుని ఉన్న పీహెచ్‌సీ డాక్టరును వ్యాయామ బోధన చేయమంటే ఎలా?

కానీ అవసరం చూస్తే తీసిపారేసే స్థితిలో మనం లేము. 52 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చిన వయసు దక్షిణాసియా వాళ్లలో సగటున 53, మిగతావాళ్లలో దాదాపు 59. పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా పూర్తికాని వయసు అది. 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో వచ్చిన లెక్క ప్రకారం భారతీయ వయోజనుల్లో 49.4 శాతం మంది చాలినంత కదలడం లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం.

సమయం లేదన్న ఇబ్బందికి జవాబు మన వ్యవస్థలోనే ఉంది. ముప్పై దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆశా కార్యకర్త నింపే జీవనశైలి జబ్బుల ఫారంలో పొగాకు, మద్యం, నడుము కొలతలతో పాటు ఒక ప్రశ్న ఉంది: వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తున్నారా? అంటే మన ప్రభుత్వం ఈ ప్రశ్నను ఎప్పుడో ఇంటి గడప దగ్గరే అడిగేసింది. ఆ జవాబు ఫారంలో ఆగిపోకుండా డాక్టరు బల్ల మీదికి రావాలి. ఆశా అడిగింది. బీపీ చూసే నర్సు అంకె రాస్తుంది. డాక్టరు రెండు వాక్యాలు రాసి సంతకం పెడతారు. ఉపకేంద్రంలో ఉండే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ (ఎంఎల్‌హెచ్‌పీ) నెలకోసారి మాత్రలు ఇచ్చేటప్పుడు అడుగుతారు. డాక్టరు మీద పడే అదనపు భారం అర నిమిషం. 2017లో మొదలైన దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమానికి ఎంచుకున్న మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నెలనెలా రోగిని పిలిచి, బీపీ నమోదు చేసి, మందులిచ్చే పద్ధతి అలా చాలామందికి అలవాటైంది. అందులో నడకకు ఒక గడి చేర్చడం పెద్ద పని కాదు.

చీటీ ఎలా ఉండాలి

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 52 ఏళ్ల కిరాణా కొట్టాయన. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా గల్లా దగ్గరే. బీపీ 150 మీద 94. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు. ఆయనకు "రోజూ గంట నడవండి" అంటే రెండు రోజులు నడిచి మూడో రోజు మానేస్తాడు. అందుకని చీటీలో ఇలా ఉండాలి: వారానికి అయిదు రోజులు నడక. మొదటి రెండు వారాలు రోజుకు 10 నిమిషాలు, మామూలు వేగంతో, కొట్టు తెరవబోయే ముందు. తర్వాతి రెండు వారాలు 20 నిమిషాలు, అందులో సగం వేగంగా. రెండో నెల నుంచి 30 నిమిషాలు. వారంలో రెండు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు విడతలుగా. నడిచిన రోజున క్యాలెండరు మీద టిక్కు. వచ్చే నెల బీపీకి వచ్చేటప్పుడు ఆ క్యాలెండరు ఫోటో తీసుకుని రావాలి.

ఈ లెక్క గాలిలోంచి వచ్చింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. వాటితో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. ఒక్కసారిగా పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని కూడా అది తీసేసింది. అయిదు నిమిషాలూ లెక్కకొస్తాయి. మెట్లెక్కడం లెక్కకొస్తుంది. మన దేశం కూడా ఉన్న 17 దేశాల 'ప్యూర్' అధ్యయనంలో 1,30,000 మందిని గమనించారు. పనికి నడిచి వెళ్లడం, ఇంటి చాకిరీ, కూలి పని వంటివి కలుపుకుని వారానికి 150 నిమిషాలు దాటినవాళ్లలో మరణాలు 28 శాతం, గుండెజబ్బులు 20 శాతం తక్కువగా ఉన్నాయి. జిమ్ ఫీజు కట్టలేనివాళ్లు దిగులు పడక్కర్లేదు.

వేగం కొలవడానికి వాచీలు అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది ఓ మోస్తరు వేగం. మాట కూడా ముక్కలవుతుంటే ఎక్కువైందని అర్థం. సుశ్రుతుడు కూడా శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయమన్నాడు. శ్వాస నోటికి రావడం ఆ సగానికి గుర్తని చెప్పాడు. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవాళ్లకు నాడి పెరగకుండా ఆ మందే పట్టి ఉంచుతుంది. కాబట్టి వాళ్లు నాడి లెక్క కంటే ఈ మాట లెక్కనే నమ్ముకోవాలి.

చీటీ రాసేటప్పుడు మన ఊళ్ల సంగతి డాక్టరు మరచిపోకూడదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎనిమిది గంటలకు నడవమంటే వడదెబ్బకు పంపినట్టే. ఎండాకాలం ఆరున్నరకల్లా ముగించాలి, లేదంటే పొద్దుగూకాక మొదలుపెట్టాలి. నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో నడవకూడదు. జేబులో చక్కెరో చాక్లెట్టో ఉండాలి. షుగరు పాతదైతే పాదాల స్పర్శ చూశాకే నడక రాయాలి. స్పర్శ లేని పాదానికి పాత చెప్పులతో నడక పుండు తెస్తుంది. మోకాళ్లు అరిగినవాళ్లకు నడక మాన్పించడం పరిష్కారం కాదు. తొడ కండరాలకు బలం ఇచ్చే కుర్చీ వ్యాయామం ముందు రాసి, నడక నెమ్మదిగా పెంచాలి.

భయం గురించి

2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో చనిపోయారు. ఆ తర్వాత జిమ్ వ్యాయామాల వీడియోలు, వాటి కింద భయాలు ఇంటింటికీ చేరాయి. "అంత ఫిట్‌గా ఉన్నవాడికే వస్తే మనమెంత" అని నడక సైతం మానేసిన వాళ్లున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా లెక్క చూద్దాం.

తీవ్రమైన శ్రమ చేస్తున్న సమయంలో, తర్వాతి కాసేపట్లో గుండెపోటు ముప్పు పెరుగుతుందన్నది నిజం. 1993లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఎప్పుడూ వ్యాయామం లేనివాళ్లు ఒక్కసారిగా గట్టి శ్రమకు దిగితే ముప్పు 107 రెట్లు పెరిగింది. వారానికి అయిదుసార్లో అంతకంటే ఎక్కువో వ్యాయామం చేసేవాళ్లలో అది 2.4 రెట్లే. 2000 సంవత్సరంలో వచ్చిన మరో అధ్యయనంలో 21 వేల మందికి పైగా పురుష డాక్టర్లను పన్నెండేళ్లు గమనించారు. గట్టి వ్యాయామం వల్ల హఠాన్మరణం సంభవించేది దాదాపు 15 లక్షల సార్లకు ఒకసారి. అసలు ప్రమాదం ఏళ్ల తరబడి కూర్చుని, ఒక ఆదివారం హఠాత్తుగా షటిల్ కోర్టులో దూకడంలో ఉంది. నెమ్మదిగా పెంచమని చీటీలో రాయాల్సింది అందుకే.

కొందరికి ముందు పరీక్ష, తర్వాతే నడక. నడిస్తే ఛాతీ బిగిసి ఆగితే తగ్గేవాళ్లు, శ్రమలో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు, పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు, కవాటం జబ్బు ఉన్నవాళ్లు, బీపీ 180 మీద 110 దాటినవాళ్లు, ఇంట్లో నలభై లోపు హఠాన్మరణం చూసినవాళ్లు. వీళ్లకు డాక్టరు ఈసీజీ, ఎకో, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించాకే వ్యాయామం రాయాలి. మిగతా చాలామందికి ఓ మోస్తరు నడక మొదలుపెట్టడానికి ఏ స్కానూ అక్కర్లేదు. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే ఆగి 108కి ఫోన్ చేయాలి. 'గ్యాసు' అని సోడా తాగుతూ కూర్చోవద్దు.

స్టెంట్ వేయించుకున్నవాళ్ల విషయంలో మనం పెద్ద తప్పు చేస్తున్నాం. లక్షలు పోసి స్టెంట్ వేయిస్తాం. ఆ తర్వాత రోగిని సోఫాలో కూర్చోబెట్టి నీళ్లగ్లాసు కూడా ఎత్తనివ్వం. గుండెజబ్బు వచ్చినవాళ్లకు పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించే 'కార్డియాక్ రిహాబ్' వల్ల గుండెజబ్బు మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని అనేక ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష చెప్పింది. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో దాదాపు నాలుగు వేల మందితో యోగా ఆధారంగా ఈ పద్ధతిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు, మళ్లీ గుండెపోట్ల విషయంలో స్పష్టమైన తేడా తేలలేదు. కానీ యోగా చేసినవాళ్లు తమ మునుపటి పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు, జీవన నాణ్యత పెరిగింది. స్టెంట్ పడినవాళ్లు డిశ్చార్జి కాగితంలో వ్యాయామం గురించి ఏం రాశారో చూసుకోవాలి. ఏమీ రాయకపోతే రాసివ్వమని అడగడం మీ హక్కు.

సగం మంది బయటే ఉన్నారు

చాలినంత కదలని ఆడవాళ్లు 57 శాతం అన్న అంకె దగ్గరికి మళ్లీ వెళ్లాలి. "ఇంటి పని చేస్తుందిగా, ఇంకా వ్యాయామమెందుకు" అనే మాట మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ అంటారు. ఇంటి పని లెక్కకొస్తుంది, సందేహం లేదు. కానీ మిక్సీలు, వాషింగ్ మెషిన్లు వచ్చిన ఇంట్లో ఊపిరి వేగం పెరిగే పని ఎంత మిగిలిందో ఎవరికి వాళ్లు చూసుకోవాలి. రుతుక్రమం ఆగిపోయాక గుండె ముప్పు పెరుగుతుంది. సరిగ్గా ఆ వయసులోనే మన ఆడవాళ్లు మోకాళ్ల నొప్పులతో ఇంటికి పరిమితమవుతారు. నడవాలనుకున్నా అడ్డంకులు తక్కువేం కాదు. తెల్లవారుజామున వీధి లైట్లు వెలగవు. కుక్కలు వెంటపడతాయి. మెళ్లో గొలుసు లాక్కుపోతారన్న భయం. ఫుట్‌పాత్ మీద బండ్లు. నడవబోయే సమయానికే పిల్లల టిఫిన్ డబ్బాలు, భర్త కాఫీ.

ఈ అడ్డంకులు చీటీతో తొలగిపోవు. వీధి లైట్లు, ఫుట్‌పాత్‌లు మున్సిపాలిటీ పని. మన ఊళ్లలో మహిళా సంఘాల సమావేశాలు జరుగుతాయి. వాటికి ముందో వెనకో అరగంట కలిసి నడవడం ఏఎన్ఎం తలచుకుంటే మొదలుపెట్టించగలదు. పది మంది కలిసి నడిస్తే కుక్కల భయమూ, గొలుసు భయమూ సగం తగ్గుతాయి. డాక్టర్లు కూడా ఆడవాళ్ల చీటీలో నడకను రాసి, పక్కనున్న భర్తకో కొడుకుకో ఆ సమయంలో ఇంటి పని చూసుకోమని గట్టిగా చెప్పాలి. డాక్టరు నోట వచ్చిన ఆ మాటకు మన ఇళ్లలో ఉండే విలువ వేరు.

మీ అమ్మకు బీపీ మాత్రలు తెచ్చిచ్చి, పని అయిపోయిందనుకోకండి. ఈసారి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఎంతసేపు, ఎంత వేగంగా, వారానికి ఎన్ని రోజులు నడవాలో అడిగి రాయించుకోండి. ఆ అరగంట పొయ్యి దగ్గర మీరు నిలబడండి.